దొరగారింటి పూజగది

ఆ పొద్దున సాయిబాబు అనుకున్నది చాలా సులువైన సంగతి. తమ డ్రాయింగు ఆఫీసుకి వచ్చిన విదేశీ దొరగారింటి ప్లాను కొలతలు సరిచూడాలి, మర్నాడు ఆయనొచ్చి మెచ్చుకోవాలి, తన ఉద్యోగం పర్మనెంటు కావాలి. సికింద్రాబాదంతా కంప్యూటర్ జ్వరంతో ఊగుతున్న రోజులవి. తుని నుంచి వచ్చి మెట్టుగూడలో అద్దెకుంటున్న సాయిబాబుకి అది కాస్త ఎక్కువగానే అంటుకుంది.

విదేశం నుంచి వచ్చిన ప్లాను కంప్యూటర్లో తెరిస్తే అంకెలు ఎగిరిపోయి గీతలే మిగిలాయి. ఇలాంటప్పుడు కొలత తెలిసిన వస్తువొకటి పట్టుకుని, దాన్నిబట్టి మిగతావి తేల్చాలి. దొరల తలుపులు ఎంతుంటాయో ఎవరికెరుక? వెతగ్గా వెతగ్గా వంటింటి పక్కన చిన్న గది, దానికో బుల్లి తలుపు కనిపించాయి. సాయిబాబుకి ప్రాణం లేచొచ్చింది.

"పూజగదండీ! తలుపు వెడల్పు రెండున్నర అడుగులు. మా ఇంట్లోనూ అంతే," అన్నాడు పక్క సీటు కల్పలతతో.

ఆ లెక్క పెట్టగానే ఇల్లంతా ఉబ్బిపోయింది.

"బాత్రూం తలుపు తొమ్మిదడుగుల వెడల్పు ఎట్లుంటదండీ?" అంది కల్పలత.

"ఆళ్ళు ఒడ్డూ పొడుగూ ఉన్న మనుషులండీ."

"స్నానం తొట్టి పదిహేనడుగులా?"

"ఈత కొడతారేమోనండి."

ఈ మాట యజమాని భానుప్రకాశ్ చెవిన పడింది. "ఏందీ, గంత పెద్ద బంగ్లానా! పెద్ద పార్టీనే దొరికింది. థర్మాకోల్ మోడల్ షురూ చెయ్యుండ్రి. అడుగుకి అంగుళం. ఇంచు సుత తగ్గొద్దు!"

సాయంత్రానికి మోడల్ పదడుగులు సాగింది. బల్లలు వరండాలోకి, కుర్చీలు మెట్ల మీదికి పోయాయి. అందరికీ ఒకటే సంబరం. కల్పలత పూజగది గడపకి పసుపు రాసి, బుల్లి తలుపుకి మామిడాకుల తోరణం కట్టింది.

మర్నాడు దొరగారికి నిలబడే చోటు లేక, ఆయన్ని మోడల్ ఇంటి హాల్లోనే నిలబెట్టారు. ఆయన వింతగా చుట్టూ చూసి, తోరణం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఏదో అడిగాడు. భానుప్రకాశ్ మొహం తెల్లబోయింది.

"పరేషాన్ చేస్తివి గదా సాయిబాబు! అది పూజగది కాదంట, వాళ్ళ పిల్లి గదంట. తలుపు పది అంగుళాలేనంట!"

ఉద్యోగం గంగలో కలిసిందనుకున్నాడు సాయిబాబు. పిల్లికి కూడా ఓ తలుపుంటుందని తునిలో ఎవరు చెప్పారు కనక?

దొరగారు మాత్రం పకపకా నవ్వుతున్నాడు. ఇదే ప్లాను అంతకుముందు ఇద్దరికి ఇస్తే, ఆ బుల్లి తలుపు పొరపాటున పడ్డ గీత అనుకుని ఇద్దరూ చెరిపేశారట. దాంతో ఇంట్లో భార్య పెద్ద గొడవే చేసిందట. పిల్లికి తోరణం కట్టినవాళ్ళను ఆయన ఇంతవరకూ చూడలేదు. కొలతలు మళ్ళీ సరిచూడండని చెప్పి, పనంతా వీళ్ళకే ఇచ్చాడు. సాయిబాబు పర్మనెంటయ్యాడు.

తర్వాత దొరగారు పంపిన పిల్లి ఫొటోని భానుప్రకాశ్ ఆఫీసులో దేవుడి పటం పక్కనే తగిలించాడు. అగరువత్తి మాత్రం ఇద్దరికీ కలిపి ఒకటే.