బద్వేలు బజారు మూయించిన ఆట

ఆ రోజు ఉదయం కేశవులు వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. అంగడి తెరవాలి, బోణీ కానివ్వాలి, మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక ఫోనులో మిగిలిన ఆఖరి ఆట ఆడి చూడాలి, సాయంత్రం ఇంటికి వెళ్లి కూతురికి సరేననో వద్దనో ఒక మాట చెప్పేయాలి. బద్వేలు బజారులో అందరికంటే నిదానస్తుడని పేరు పడ్డ ఆ బట్టల వ్యాపారికి ఇంతకు మించిన సాహసం ఎప్పుడూ అవసరపడలేదు.

సంగతేమిటంటే, కూతురు రమ్యశ్రీ ఇంటర్ కాగానే వీడియో గేములు తయారు చేయడం నేర్పే కోర్సులో చేరతానని పట్టుబట్టింది. కాలేజీ కర్నూలులో. చేరడానికి గడువు ఇక ఒక్క రోజే మిగిలింది. "ఆడుకునేదానికి గూడా కాలేజీ ఉంటాదా?" అని తల్లి నాగరత్నమ్మ ముక్కున వేలేసుకుంది. ఆమె అన్న శాంతయ్యదీ అదే బజారు. విత్తనాల అంగడి ఆయనది, పైగా వర్తక సంఘానికి అధ్యక్షుడు. "బీకామ్‌లో చేర్పీప్పా, చదువుకుంటానే అంగట్లో కూర్చుంటాది" అని ఆయన తీర్పు చెప్పేశాడు. ఆ ఇంట్లో శాంతయ్య మాట దాటి పెళ్లి కాదు గదా, గోడకు సున్నం కూడా పడలేదు.

కేశవులు మాత్రం కూతురి ముఖం చూసి కాదనలేకపోయాడు, శాంతయ్య ముఖం చూసి అవుననలేకపోయాడు. చివరికి తనకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిని ఆశ్రయించాడు. అంగట్లో కూర్చున్నప్పటి నుంచీ ఆయన వేళ్ల మధ్య నలిపి చూడకుండా ఒక్క గుడ్డ తాను కొన్నది లేదు. "ఆ ఆటలేందో నా ఫోన్లోకి ఎక్కీయమ్మా. పట్టి చూసి చెప్తా" అన్నాడు.

అప్పటి నుంచీ పట్టి చూస్తూనే ఉన్నాడు. మొదటిది మిఠాయి బిళ్లలను వరుసగా పేర్చే ఆట. రంగులు నచ్చాయి గానీ, ఒకే రంగువి ఒకచోట చేర్చగానే మాయమైపోవడం ఆయనకు మింగుడు పడలేదు. "సరుకు సర్దేది అమ్మేదానికి గానీ పోగొట్టుకునేదానికా?" అని నొచ్చుకున్నాడు. తర్వాత కారు పందెం. అందులో ఎడమ పక్కకే ఒదిగి, మలుపు మలుపుకూ నిదానించి, వెనకనుంచి వచ్చిన వాళ్లందరికీ దారి ఇచ్చి, ఆఖరున క్షేమంగా గమ్యం చేరాడు. కారు మీద గీత కూడా పడలేదు, అయినా ఓడిపోయినట్టు చూపించడం అన్యాయమనిపించింది. క్రికెట్‌లో అయితే బ్యాటు ఎత్తనే లేదు. మొదటి ధరకే ఒప్పుకోని మనిషి, ఇంతకంటే మంచి బంతి రాకపోతుందా అని ఆగుతూ పోయాడు.

"అది గెలిచేదానికి ఆడల్ల నాయనా" అని రమ్యశ్రీ నవ్వు ఆపుకుంటూ చెప్పింది.

"నాకెందుకమ్మా గెలుపు? నేత ఎట్టుండాదో చూస్తాండా" అన్నాడు కేశవులు.

పైకి అలా అన్నాడు గానీ, ఆయనకు ఆటల మీద మనసు పడింది. మధ్యాహ్నం పూట అంగట్లో ఈగల్ని చూస్తూ కూర్చునే విసుగు ఎటు పోయిందో పోయింది. ఇంత సంతోషం ఎవరో కూర్చుని తయారు చేసిందే కదా, ఆ తయారు చేసేవాళ్లలో తన బిడ్డ ఉంటే తప్పేముంది అని రోజురోజుకూ అనిపిస్తోంది. ఆ మాట శాంతయ్య ఎదుట నోరు విప్పి చెప్పడమే మిగిలింది. దానికి మాత్రం ధైర్యం చాలడం లేదు.

మధ్యాహ్నమైంది. ఎండ బజారును ఊడ్చేసింది. గుమాస్తా భోజనానికి వెళ్లాడు. కేశవులు ఎవరూ పలకరించకుండా షట్టరు సగానికి దించి, గల్లాపెట్టె వెనక చాప మీద చతికిలబడి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆఖరి ఆట తెరిచాడు. అది యుద్ధం ఆట. ముఖాలు తెలియని నలుగురు ఒక జట్టుగా దీవిలో దిగుతారు, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ తిరుగుతారు. చివరిదాకా ప్రాణాలతో మిగిలిన జట్టుదే గెలుపు.

మిగతా ముగ్గురూ తుపాకులు ఏరుకుంటుంటే కేశవులు వాటి జోలికి పోలేదు. కట్లు కట్టే గుడ్డలు, మందు సీసాలు, టోపీలు కనపడ్డచోటల్లా పోగుచేసి ఒక ఇంట్లోకి చేర్చుకున్నాడు. సరుకు దండిగా ఉంది, ఇక నిశ్చింత అనుకునేలోగా కిటికీలోంచి శత్రువుల జీపు కనిపించింది. చెవులు మూసుకుని ఉన్న మనిషికి తన గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియదు.

"జీపు! జీపొస్తాండాది! నలుగురు దిగినారప్పా! ఒక్కరు గూడా బైట ఉండొద్దు! బిన్నా, తొందరగా తలుపులు మూయండి! సరుకంతా లోపలికి తోయండి!"

పక్క అంగడి దాసన్నది. స్టీలు సామాన్ల మధ్య ఫ్యాను కింద కునుకు తీస్తున్న ఆయన ఉలిక్కిపడి లేచాడు. జీపు, నలుగురు మనుషులు, సరుకు లోపలికి. బజారులో ఈ మూడు మాటలూ కలిస్తే ఒకటే అర్థం, పన్నుల తనిఖీ వాళ్లు దిగారని. అరిచింది వేరొకరైతే దాసన్న మళ్లీ కళ్లు మూసుకునేవాడే. కానీ పెళ్లి పీటల మీద కూడా కంగారు పడని కేశవులు అరిచాడంటే ఏదో పెద్ద ముప్పే వచ్చి ఉండాలి. దాసన్న క్షణంలో షట్టరు లాగేశాడు.

బిల్లులన్నీ సక్రమంగా ఉన్నవాళ్లు కూడా తనిఖీ మాట వినగానే షట్టరు దించడం ఆ బజారులో ఆనవాయితీ. తప్పు లేదన్న ధైర్యం వేరు, కూర్చుని ఒక్కొక్కటీ చూపించే ఓపిక వేరు. దాసన్న షట్టరు చప్పుడు విని కిరాణా అంగడి మూతపడింది, దాన్ని చూసి గాజుల అంగడి, ఆ తర్వాత చెప్పుల అంగడి. ఆ గరగర వీధి చివరిదాకా పాకి, ఆఖరుకు శాంతయ్య విత్తనాల అంగడి కూడా మూతపడింది. అన్నం తినబోయిన కేశవులు గుమాస్తా కూడా సంగతి విని, విస్తరి ముందు నుంచి లేవకుండా ఆగిపోయాడు.

అప్పుడే బస్సు దిగి పల్లెల నుంచి పెళ్లి బట్టలకు వచ్చిన జనం వీధిలో బిత్తరపోయి నిలబడ్డారు. బజారంతా మూసి ఉంది, కేశవులు అంగడి షట్టరు మాత్రం సగం దించి ఉంది. అలా సగం దించారంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"కేశవులప్ప ఇంట్లో ఎవరో పోయినట్టుండాది. మర్యాదకు బజారంతా మూసినారు" అని ఒకాయన తేల్చాడు.

మూలమీద పూలమ్మే గురమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎవరో ఏందప్పా, పొద్దున ఆ పెద్దమనిషి గల్లా కాడ కూర్చోనుండె. ఇప్పుడు సూడు, ఆ కుర్చీ ఖాళీగా ఉండాది. అయ్యో, మారాజు! ఒక్కనాడు గూడా పూలకు బేరమాడిన మనిషి గాదు!" అని కళ్లొత్తుకుంటూ, దండ కట్టడానికి కూర్చుంది. వింటున్న ఆటోవాడు పుణ్యానికి పోయి ఆ కబురు కేశవులు ఇంట్లో చేరవేశాడు.

మూసిన షట్టరు వెనక ఉన్న శాంతయ్యకు తనిఖీ కబురు వెనకే చావు కబురు కూడా అందింది. ఆయన రెంటినీ కలిపి ఆలోచించాడు. తనిఖీ వాళ్లను చూసి బావ గుండె ఆగిపోయింది! సంఘం అధ్యక్షుడిగా తను ముందు నిలబడాల్సింది పోయి షట్టరు వెనక దాక్కున్నందుకు సిగ్గుతో కుమిలిపోయి, దొడ్డిదారిన బయటపడి, నడిబజారులో బావురుమంటూ పరిగెత్తాడు. ఆయన ఏడవడం బద్వేలు ఎన్నడూ చూడలేదు. దాంతో ఇంకా సందేహిస్తున్న వాళ్లు కూడా నమ్మేశారు.

అప్పటికే ఆటో దిగిన నాగరత్నమ్మ షట్టరు ఎత్తింది. వెనకే రమ్యశ్రీ, శాంతయ్య, దాసన్న, దండతో గురమ్మ. లోపల ఎవరూ కనిపించలేదు. గల్లాపెట్టె వెనకనుంచి మాత్రం కేశవులు గొంతు వినిపించింది.

"సచ్చిపోతినప్పా! వెనకనుంచి వచ్చి కొట్టినారు నన్ను! ఇంగ నేను లేను, మీరన్నా బాగుండండి!"

నాగరత్నమ్మ కెవ్వుమని చీరల కట్టల మీద కూలిపోయింది. ఆ అదురుకు ఇయర్‌ఫోన్లు పీకేసి కేశవులు లేచి నిలబడ్డాడు. ఏడుస్తున్న భార్యను, పాలిపోయిన కూతురిని, గురమ్మ చేతిలోని దండను చూశాడు. ఆయన ముఖం వాడిపోయింది.

"అయ్యో, ఎవరు పోయినారు?" అని అడిగాడు.

"నువ్వేనంట సామీ" అంది గురమ్మ.

ఆ తర్వాత చాలాసేపు ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో తెలియలేదు. నాగరత్నమ్మ "ఏమండీ, ఉండారా! ఉండారా!" అంటూ మొగుడి చెయ్యి వదలకుండా పట్టుకుని, ఆ చేత్తోనే ఆయన భుజం మీద నాలుగు దెబ్బలు కూడా వేసింది. రమ్యశ్రీ కింద పడ్డ ఫోను తీసి చూసి, జరిగిందంతా అర్థమై, నవ్వాలో ఏడవాలో తెలియక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. షట్టర్లు ఒక్కొక్కటే లేచాయి. వర్తకులంతా వచ్చి అంగడి నిండా నిలబడ్డారు. పెళ్లిళ్ల కాలంలో ఒక పూట బేరం పోగొట్టుకున్న మనుషులు వాళ్లు.

అందరికంటే ఎక్కువ మండిపోతున్నది శాంతయ్య. నడిబజారులో ఏడ్చింది ఒక ఆట కోసమని తెలిశాక ఆ ఏడుపంతా కోపమైంది.

"ఆటంట ఆట! బజారు బజారే మూయించినాది. నా చెల్లెలి ప్రాణం సగం తీసినాది. ఇది నేర్చుకునేదానికి పిల్లను కర్నూలుకు పంపల్లనా? ఇంగ ఆ మాట ఎత్తొద్దు. బీకామే!"

రమ్యశ్రీ తల వంచుకుని, "పోనీలే నాయనా. బీకామే చదువుతాలే" అంది. గొంతు మామూలుగానే ఉంది గానీ, ఫోను మీద ఒక కన్నీటిబొట్టు పడింది. అది కేశవులు కంట పడింది. ఇన్నాళ్లూ చాలని ధైర్యం, ఒకసారి చచ్చి లేచినందుకేమో, అప్పుడు వచ్చింది.

"తప్పు నాది బావా, ఆటది గాదు" అన్నాడు. "ఆటలో ఇంతకుముందొకతూరి నేను దెబ్బ తిని పడిపోతే, యాడుండాడో తెలీనోడు, నా మొహం గూడా చూడనోడు, వాని ప్రాణానికి తెగించి నన్ను లేపేదానికి ఉరుక్కుంటా వచ్చినాడు. అట్లాంటి ఆట చేసేది చెడ్డ పని ఎట్లయితాది? నేను వారం రోజులు పట్టి చూసినా. నేత గట్టిగా ఉండాది. పంపుతా. నువ్వు గూడా ఒకతూరి పట్టి చూడు, అప్పుడు వద్దను."

కేశవులు ఎదురు మాట్లాడడం శాంతయ్య ఎరగడు. తప్పు పట్టుకోవడానికే అన్నట్టు ఫోను లాక్కున్నాడు. మోటుగా వేలు ఆనించాడు. తెరుచుకున్నది యుద్ధం ఆట కాదు, బట్టల మనిషి కేశవులు పైపైన చూసి వదిలేసిన సేద్యం ఆట. పచ్చటి చేలు, చిన్న గుడిసె, నవ్వుతున్న ఆవు కనిపించాయి. "పంట వేయండి" అని అది అడిగింది. విత్తనాల వ్యాపారి చెయ్యి ఊరుకోలేదు. ముందు చూసి, ఏరి, శెనక్కాయ, అంటే వేరుశెనగ, వేశాడు. వేలితో తాకగానే నీళ్లు పారాయి. కన్ను మూసి తెరిచేలోగా చెట్టు లేచింది.

శాంతయ్య కళ్లు పెద్దవయ్యాయి. ఫోను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"ఏందిది? శెనక్కాయలు కొమ్మలకు యాలాడ్తాండాయి!"

వర్తకులంతా మూగారు. నిజమే, చింతకాయల్లాగా కొమ్మకొమ్మకూ శెనక్కాయలు.

"శెనక్కాయ భూమిలోపల గదా కాసేది! ఒక్కనికన్నా తెలీదా?" శాంతయ్య గొంతు తారస్థాయికి పోయింది. "మళ్లా ఈ నీళ్లేందప్పా? బోరు లేదు, వాన లేదు, ఏలు పెడితే నీళ్లు!"

"ఆ ఊరు యాడుందో కనుక్కో శాంతయ్యా, మనమంతా ఆడికే పోదాం" అన్నాడు దాసన్న.

శాంతయ్య నవ్వలేదు. "ఎవరమ్మా దీన్ని చేసినోళ్లు?" అని మేనకోడలిని గద్దించాడు.

"శేను మొహం చూడనోళ్లు మామా" అంది రమ్యశ్రీ కళ్లు తుడుచుకుంటూ.

"లోకంలో పిల్లలంతా దీన్ని చూసి ఇదే నిజమనుకోరా? రేపు నా అంగడికొచ్చి కొమ్మకు కాసే శెనక్కాయ ఇత్తనాలు ఇయ్యమంటే నేనేం చెప్పల్ల? శేను తెలిసినోళ్లు ఒకరన్నా ఆ పనిలో ఉండొద్దా?"

"అందుకే గదా మామా నేను పోతాననేది."

బజారంతా శాంతయ్య వైపే చూస్తోంది. నాగరత్నమ్మ మొగుడి చెయ్యి ఇంకా వదల్లేదు.

"పో" అన్నాడు శాంతయ్య. "పోయి ముందు ఆ శెనక్కాయను భూమిలోకి దించు. నేనూ వస్తా, ఆ పంతుళ్లతో మాట్లాడేది ఉండాది."

మరునాడు తొలి బస్సుకు రమ్యశ్రీ, కేశవులు, శాంతయ్య ముగ్గురూ కర్నూలు బయలుదేరారు. ఎవరిదో బోరు కింది చేలోంచి వేళ్లతో, మట్టితో సహా పీకించిన శెనక్కాయ చెట్టొకటి శాంతయ్య ఒళ్లో సంచిలో ఉంది. కాలేజీలో రమ్యశ్రీ పేరు రాసుకోవడం చప్పున అయిపోయింది. తిరుగు బస్సు తప్పిపోయింది మాత్రం, ప్రిన్సిపాల్ గదిలో శాంతయ్య పాఠం ఇంకా శెనక్కాయ వేళ్ల దగ్గరే ఉన్నందువల్ల.