తొందరేమీ లేని మెసేజ్

పక్కింటావిడ నాలుగిళ్ళలో చెప్పి, ఐదో ఇంట్లో అత్తగారి చెవిన వేసిన మాట ఇది. ఈ ఇంటి కోడలు ముక్కూమొహం తెలియనివాళ్ళకు ఊరికే చాకిరీ చేస్తోందట. పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో రాసి పంపుతోందట, వాళ్ళేమో బాగోలేదని తిప్పికొడుతున్నారట. "జీతం లేకపోతే పోయింది, పైన చీవాట్లు కూడానా?" అని బుగ్గలు నొక్కుకుందట.

చాకిరీ మాట నిజమే. కోడలు లైబ్రేరియన్. లైబ్రరీలో పుస్తకాల రాకపోకలు చూసే ప్రోగ్రాం ఎవరి సొత్తూ కాదు. నలుగురూ తలో తట్ట మట్టి పోసి వేసుకున్న బాటలాంటిది. ఎవరైనా నడవచ్చు, గుంట కనిపిస్తే ఎవరైనా పూడ్చవచ్చు. కాకపోతే పూడ్చింది సరిగ్గా ఉందో లేదో చూడడానికి ఎక్కడో దూరాన ఒక గడ్డపాయన ఉన్నాడు. ఆయన సరేనంటే రాసినవాళ్ళ పేరు జాబితాలోకి ఎక్కుతుంది. కోడలు పంపినవి ఇప్పటికి రెండుసార్లు తిప్పికొట్టాడు. ఇది మూడోది. పుస్తకం గడువు ఇంకో రెండు రోజుల్లో తీరుతుందనగా చదువరికి ముందే ఒక మెత్తని మెసేజ్ పంపే ఏర్పాటు.

"ఇవాళ కుదిరిపోతుంది అత్తయ్యా. ఒక్కసారి పరీక్ష చేసి పంపమన్నాడంతే," అంది కోడలు, ఫ్రిజ్ తలుపు మోకాలితో నెడుతూ. ఆ ఫ్రిజ్‌కు ఒక కాలు పొట్టి. దాని కింద గుడ్డ చుట్టిన దిమ్మ ఒకటి ఏళ్ళ తరబడి బరువు మోస్తోంది.

"పంపితే ఏమిస్తారు?"

"పేరు వేస్తారు."

"పెళ్ళికార్డులో వేయించాం కదే. చాలదూ?"

కోడలు లైబ్రరీకి వెళ్ళగానే, జాగ్రత్త కొద్దీ అసలు ప్రోగ్రాం ముట్టుకోకుండా దానికి నకలు తీసి, అందులో తన మార్పు పెట్టి మీట నొక్కింది. రెండు మూడు మెసేజ్‌లు పోవాలి. పోయినవి, పుస్తకానికొకటి చొప్పున, మూడువందల పదమూడు.

ఏం జరిగిందో తెలిసేసరికి టీ చల్లారింది. గడువుకు రెండు రోజులకన్నా తక్కువ మిగిలినవాళ్ళకు పంపమని రాసింది. గడువు దాటి పదిహేడేళ్ళయినవాళ్ళకు మిగిలింది సున్నాకన్నా తక్కువ, సున్నాకన్నా తక్కువంటే రెండుకన్నా తక్కువే కదా. కంప్యూటర్‌కు లెక్క తప్ప మొహమాటం తెలియదు. ఇక నకలంటారా, ప్రోగ్రాం నకలే గానీ అందులోని ఫోన్ నంబర్లు మాత్రం అసలువి. "మీ పుస్తకం గడువు తీరడానికి ఇంకా రెండు రోజులుంది. తొందరేమీ లేదు" అని ఊరంతా ఫోన్లు మోగాయి.

ముందుగా సైకిల్ షాపు మేస్త్రీ వచ్చాడు. "పదిహేడేళ్ళయిందమ్మా తీసుకుని. ఇంకా రెండు రోజులు టైమిచ్చారు చూడు, సిగ్గుతో చచ్చిపోయాను," అని జిడ్డు చేతులతో పుస్తకం బల్లమీద పెట్టాడు. వెనకాలే రిటైరైన మాస్టారు.

"నన్ను దొంగంటావా?"

"అయ్యో, లేదండీ. తొందరేమీ లేదనే రాశాను."

"అదే, ఆ వెటకారమే వద్దంటున్నాను," అని సంచి బోర్లించాడు. ఏడు పుస్తకాలు పడ్డాయి.

మధ్యాహ్నానికి వరుస మెట్లు దాటి రోడ్డెక్కింది. వరుస చూసినవాళ్ళు లైబ్రరీ మూసేస్తున్నారనుకున్నారు, మూసేస్తున్నారని విన్నవాళ్ళు ఇళ్ళకు పరుగెత్తి అటకలు దులిపారు. ఒకాయన పక్క ఊరి లైబ్రరీ పుస్తకాలు కూడా తెచ్చి, "ఇవీ మీరే ఇచ్చెయ్యండి, అక్కడ మొహం చూపించలేను," అన్నాడు.

నాలుగింటికి పై అధికారి దిగాడు. జనం తప్పుకున్నారు. ఉద్యోగానికి ఏమవుతుందో గానీ, ఈ సంగతి తెలిస్తే గడ్డపాయన ఇక తన గడప తొక్కనివ్వడన్నదే కోడలి బెంగ. అధికారి అటూ ఇటూ చూసి, బ్యాగులోంచి న్యూస్‌పేపర్ చుట్టిన పొట్లం తీశాడు. "ఎవరో మా ఇంట్లో మర్చిపోయినట్టున్నారు," అన్నాడు. క్రమశిక్షణ గురించిన పుస్తకం. లోపలి కార్డు మీద ఆయన సంతకమే ఉంది. ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

కోడలు దాచుకోలేదు. జరిగిందంతా గడ్డపాయనకు రాసి, ఇక మీ జోలికి రానని కూడా రాసింది. జవాబు వెంటనే వచ్చింది: "నకలులో నిజం నంబర్లు ఉంచడం పెద్ద తప్పు. మళ్ళీ చేయొద్దు. ఇంతకీ ఎన్ని పుస్తకాలు తిరిగొచ్చాయి?"

"మూడువందల పన్నెండు."

దానికి, "రెండు రోజుల సంగతి సరిచేసి పంపు. ఇవాళ పాత బాకీలవాళ్ళకు మెసేజ్ పోయిన పద్ధతి కూడా విడిగా ఉంచు, కావాలనుకున్న లైబ్రరీ వాడుకుంటుంది. రెండూ ప్రోగ్రాంలో కలుపుకుంటున్నాను," అని వచ్చింది. సాయంత్రానికల్లా పేరు జాబితాలోకి ఎక్కింది, ఒక తప్పుకూ ఒక ఒప్పుకూ కలిపి.

ఎగురుకుంటూ ఇంటికి బయలుదేరబోతూ, తిరిగిరాని ఆ ఒక్క పుస్తకం ఎవరిదో చూసింది. పశువైద్యం మీద పెద్ద గ్రంథం. పందొమ్మిదేళ్ళ క్రితం తీసుకెళ్ళారు. తీసుకెళ్ళినవారి పేరు రెండుసార్లు చదువుకుంది.

ఇంట్లో భర్త ఫ్రిజ్ ఎత్తిపట్టుకుంటే, కోడలు వంగి దిమ్మ లాగి గుడ్డ విప్పింది. లైబ్రరీ ముద్ర చెక్కుచెదరలేదు.

"అత్తయ్యా, మెసేజ్ మీకు రాలేదా?"

"పొద్దున్నే వచ్చింది," అంది అత్తగారు కుర్చీలోంచి కదలకుండా. "తొందరేమీ లేదని నువ్వే రాశావు కదే. ముందు దాన్ని ఉన్నచోట పెట్టు."