కనకరాజుగారి మోటారు తనిఖీ

చిల్కానగర్‌లోని తమ ఇంట కేబుల్ కనెక్షన్‌కు స్వస్తి పలుకుటకై జరిగిన సమావేశానికి హాజరైనవారు, సోఫాలో కూర్చున్న వరుసలో: అధ్యక్షులు, విశ్రాంత సూపరింటెండెంటు కనకరాజుగారు, అర్ధాంగి శ్యామలాదేవి, పోచారంలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే కుమారుడు గౌతమ్, కోడలు ఆమని. కింది వాటాలో అద్దెకుండే సాలమ్మ, నీళ్ల మోటారు వేయమని చెప్పడానికి వచ్చి గుమ్మంలో నిలబడింది గనుక, ఆమెను ప్రేక్షకురాలిగా పరిగణించారు.

"ఒకరు వడ్డించినది చూడటం బానిసత్వం. ఇకపై మనకు కావలసినదే, మనకు తీరికైనప్పుడే చూస్తాం. ఏడున్నర సీరియల్ పీడ ఈ ఇంటికి నేటితో విరగడైంది" అని అధ్యక్షులు సెలవిచ్చారు.

ఆయన సీరియల్ చూసేవారు కారు. ఆ వేళ పేపరు చదివేవారు. పుట మాత్రం టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడే తిప్పేవారు.

తీర్మానం ఏకగ్రీవమైంది. తెంపిన తీగ డాబా మీద బట్టలారేయడానికి చక్కగా అమరింది. సరిగ్గా ముందురోజే సీరియల్లో వరుడు తాళి చేతిలోకి తీసుకున్నాడు. కట్టాడో లేదో కనకరాజుగారికి తెలియాలి. అడగడానికి హోదా అడ్డం.

ఇంటర్నెట్‌తో నడిచే కొత్త ఏర్పాటులో టీవీయే రోజూ "ఎవరు చూస్తున్నారు?" అని మర్యాదగా విచారించేది. పేర్ల ఖాళీలు అయిపోవడంతో కనకరాజుగారిని పిల్లల ఖాతాలో సర్దారు. ముప్పైమూడేళ్లు ఫైళ్లపై సంతకాలు చేసిన మనిషికి ఒక ఎలుగుబంటి బొమ్మ చేయి ఊపి స్వాగతం పలికేది. ఆయన తల పంకించి స్వీకరించేవారు. ఏమి చూడాలన్న చర్చ భోజనాలు చల్లారేదాకా సాగేది. నలభై రోజుల్లో ఆ కుటుంబం నూటపన్నెండు ట్రైలర్లు చూసి, ఒక్క సినిమా కూడా చూడకుండా, స్వేచ్ఛను సంపూర్ణంగా అనుభవించింది.

ఆ సీరియల్ కొత్త ఏర్పాటులోనూ దొరుకుతుంది. కాని ఎవరేం చూశారో మర్నాడు ఇంటిల్లిపాదికీ బొమ్మ వేసి చూపే చాడీకోరు యంత్రమది.

నలభై ఒకటో రోజు, ఏడుంబావుకే ఒక్కొక్కరూ ఏదో పని చెప్పి జారుకోగా హాలు ఖాళీ అయింది. కనకరాజుగారు మోటారు తనిఖీకై కిందికి దిగారు. కేబుల్ తెంపుకోని సాలమ్మ గదిలో టీవీ మోగుతోంది. చాప మీద, వచ్చిన వరుసలో: కరివేపాకు కోసం వచ్చిన ఆమని, గిన్నె తిరిగివ్వవచ్చిన శ్యామలాదేవి, వైఫై సిగ్నల్ ఎంతవరకు వస్తుందో చూడవచ్చిన గౌతమ్. మర్యాద తెలిసినవారు గనుక ఎవరూ ఎవరి వంకా చూడలేదు.

సాలమ్మ జరిగి చోటిచ్చింది. "కూసోండ్రి సారు. మోటరు నేను బంజేసిన, ఫికర్ జెయ్యకుండ్రి. తాళి ఇంక గట్టలే. మీరు వైరు తెంపిన్నాటి సంది గట్లనే పట్టుకొని నిలవడ్డడు."

కనకరాజుగారు కూర్చున్నారు. ప్రకటనలు రాగానే గౌతమ్ అలవాటుగా రిమోట్‌కు చేయి చాపాడు. సాలమ్మ దాన్ని మోకాలి కిందికి తోసింది. "ఆగు బిడ్డా. గీడ అడుగుడు ఉండదు. పెట్టింది సూసుడే."

అధ్యక్షుల ప్రసంగ ప్రభావంతో ఆ వీధిలో మరో ఆరు ఇళ్లు కేబుల్ బానిసత్వం నుండి విముక్తి పొందాయి. కావున, ఎవరు చూస్తున్నారని అడగకుండా, ఎవరెవరు వచ్చారో ఎవరికీ చెప్పకుండా, స్థలాభావం దృష్ట్యా రెండో చాప కూడా పరిచిన సాలమ్మగారికి, మోటారు తనిఖీకి విచ్చేస్తున్న స్వేచ్ఛాజీవులందరి తరఫున కృతజ్ఞతలు నమోదు చేయడమైనది.