మూడడుగుల హ్యూకెరా

ఆ సోమవారం పొద్దున శేఖర్ జేబు పుస్తకంలో రాసుకున్న పనులు ఇవి. ఒకటి: ఎయిర్‌పోర్టు కార్గో గేటు దగ్గర మొక్కల పెట్టెలు తీసుకోవాలి. రెండు: తోటలో మూడేసి అడుగుల ఎడంతో గుంతలు తవ్వించాలి. మూడు: పేర్ల బోర్డులు రాయించాలి. నాలుగు: మొక్క మొదలు దగ్గర నీళ్లు నిలవకుండా ఎలా పోయాలో తోటపని చేసే ఈరమ్మకు చూపించాలి. ఐదు: ఈ మొక్కలు వచ్చేటప్పుడే పెద్దగా ఉండవని మేనేజరు సారుకు చెప్పాలి.

ఐదో పని మూడు వారాలుగా పుస్తకంలో ఉంది. రోజూ మరుసటి రోజు పేజీలోకి జరుగుతోంది.

శేఖర్‌ది సాతంరాయి. వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు అతడే. బీఎస్సీ వృక్షశాస్త్రం. ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన ఒక కంపెనీ అతిథిగృహంలో తోట సూపర్‌వైజరుగా చేరి ఐదు నెలలు కావస్తోంది. ఆగస్టు దాటితే ప్రొబేషన్ అయిపోతుంది. తర్వాత ఉద్యోగం ఖాయమయ్యే కాగితం వస్తుంది, లేదా రేపటి నుంచి రావద్దనే కాగితం వస్తుంది. ఏది వస్తుందన్నది 2012లో ఆ ఇంట్లో అందరి అన్నంలోనూ పడిన రాయి.

కంపెనీ యజమానురాలు నిర్మల మేడమ్ ఇంగ్లండు వెళ్లి, అక్కడి తోటల్లో హ్యూకెరాలు చూసి ముచ్చటపడ్డారు. ఆ మొక్కకు పూలు నామమాత్రం, ఆకే అందం. ఊదా, రాగి, లేతాకుపచ్చ రంగుల్లో అరచెయ్యంత ఆకులు నేల మీద గుబురుగా పరుచుకుంటాయి. "మన అతిథిగృహం ముందు హ్యూకెరా వేయించండి. బాగా పెద్దగా పెరిగే రకాలే ఎంచండి" అని ఆమె మెయిల్ పంపారు.

శేఖర్ దాన్ని పరీక్షకు చదివినట్టు చదివాడు. నీలగిరి కొండల్లోని నర్సరీవాళ్ల జాబితాలో నలభై ఒక్క రకాలున్నాయి. అడుగుకు మించి పెరగని వాటిని ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. ఎండకు కాస్త ఓర్చుకుంటాయని నూగు ఆకుల రకాలు మాత్రమే మిగుల్చుకున్నాడు. చివరికి రెండు తేలాయి: ఆటమ్ బ్రైడ్, బ్రౌనీస్. వెడల్పు మూడడుగుల వరకూ అని రాసి ఉంది. పూర్తిగా ఎదిగాక అని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

మూడడుగులంటే ఎంతో కళ్లారా చూసుకోవాలని ఇంటి వాకిట్లో తాడూ సుద్దముక్కా పెట్టి గుండ్రంగా గీశాడు. తెల్లారేసరికి తల్లి చంద్రమ్మ అందులో చుక్కలు పెట్టి ముగ్గేసింది.

"గుండ్రం మంచిగ కుదిరింది బిడ్డా. తుడవబుద్ధి కాలె" అంది.

తండ్రి కుర్మయ్య ఆ ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగాడు. "గింత జాగల ఒక్కటే మొక్కనా?"

"అవు బాపు. దానికి గంత జాగ కావాలె."

కుర్మయ్య మూడెకరాలు విమానాల కిందికి పోయి ఏడేళ్లు దాటింది. అప్పటి నుంచి ఖాళీ నేల ఎక్కడ కనిపించినా ఆయన నడక నెమ్మదిస్తుంది.

అతిథిగృహం మేనేజరు రామచంద్రయ్యది రాజమండ్రి. ఆయన జాబితాలో పెద్ద అక్షరాలే చదివి, "మూడడుగుల మొక్కలు పెట్టిస్తున్నాము" అని మేడమ్‌కు మెయిల్ కొట్టాడు.

సోమవారం పెట్టెలు విప్పారు. ఇరవై నాలుగు మొక్కలు. ఒక్కొక్కటీ చాయ్ సాసరు కింద దాక్కునేంత ఉంది.

గేటు కాసే బిక్షం తొంగిచూశాడు. "గివేనా అన్నా? పెట్టెను చూసి కొబ్బరిచెట్లు గిట్ల అనుకున్న."

నాలుగు మొక్కలు గేటు ముందు, ఇరవై లోపలి మడిలో నాటారు. మూడేసి అడుగుల ఎడం. దూరం నుంచి చూస్తే మడిలో మట్టి తప్ప ఏమీ కనబడలేదు.

రామచంద్రయ్య వచ్చాడు. "ఏమయ్యా శేఖర్, మొక్కలేవి?"

"ఇవే సార్."

"ఇది నారు కదటయ్యా! ఎప్పటికి పెరుగుతాయి?"

నిజం చెప్పాలంటే మూడేళ్లు. శేఖర్ "జల్దీనే సార్" అన్నాడు.

"ఆగస్టు పదహారున మేడమ్ వస్తున్నారు. ఆలోపు పెరగాలి మరి" అని రామచంద్రయ్య వెళ్లిపోయాడు. చేతిలో ఆరు వారాలున్నాయి. శేఖర్ ఐదో పనిని రేపటి పేజీలోకి జరిపాడు.

కొడుక్కు సద్ది తెచ్చేది కుర్మయ్యే. బుధవారం శేఖర్ ఎరువు కోసం మైలార్‌దేవ్‌పల్లి వెళ్లిన సమయంలో ఆయన వచ్చాడు. మడిని చూసి గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. అంత మెత్తగా దున్నిన మట్టి, అంత నీళ్లు, అంత ఖాళీ. చివరికి లేచి, తువ్వాలు కొంగు ముడి విప్పి, గుప్పెడు విత్తనం మొక్కల మధ్య చల్లాడు. గేటు ముందు కూడా చల్లబోతే బిక్షం అడ్డం వచ్చాడు. "ఇక్కడ వద్దు పెద్దయ్యా, గేటు ముంగట ఇంకేం పెట్టొద్దని సారు ఆర్డర్."

ఐదో రోజుకు మడంతా ఎర్రగా మొలకలు వచ్చాయి. ఎర్ర తోటకూర.

"బాపూ! ఇదేంది బాపూ, ఏం చేసినవ్?"

"అంతరపంట. పెద్ద మొక్క పెరిగేదాక జాగ ఉట్టిగ పడుంటదా? కందిల పెసర ఎయ్యలేదా మనం?"

"ఇది చేను కాదు బాపు. నా నౌకరి పోతది!"

సాయంత్రానికల్లా పీకించాలని ఈరమ్మను పిలిచాడు. ఈరమ్మ కొంగు బిగించేలోపే వెనక నుంచి రామచంద్రయ్య గొంతు వినబడింది.

"భేష్! ఇన్ని పిలకలా! నేను అనవసరంగా నిన్ను అనుమానించానయ్యా." అంటూనే ఫోన్‌తో ఫొటో తీశాడు. రోడ్డు అంచు నుంచి తీసిన ఆ ఫొటోలో ఎర్రటి మసక తప్ప మరేమీ లేదు. రాత్రికి మేడమ్ నుంచి, చాలా సంతోషం అని జవాబు వచ్చింది.

ఇక పీకితే మట్టి కనబడుతుంది. పీకకపోతే తోటకూర కనబడుతుంది. శేఖర్‌కు అన్నం సహించడం మానేసింది.

ఆ ఏడాది వాన ముఖం చాటేసింది. జూలైలో ఎండ మే నెలలా కాసింది. తోటకూర మాత్రం తనకేమీ పట్టనట్టు మోకాళ్ల ఎత్తు పెరిగింది. ఈరమ్మ ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం ఒడినిండా తెంపుకొని గేటు వైపు నడిచింది. రామచంద్రయ్య ఎదురొచ్చాడు.

"ఆగు! ఖరీదైన మొక్కలు ఎక్కడికి పట్టుకుపోతున్నావు?"

"మొక్కలేంది సారూ, ఇది..."

"ప్రూనింగ్ సార్!" అని శేఖర్ పరుగున వచ్చి మధ్యలో నిలబడ్డాడు. "తెంపితెనే గుబురుగ వస్తది సార్. తెంపింది పడేస్తం."

"పడేయడం దేనికి? ఇటియ్యి, మా ఇంట్లో కుండీలో గుచ్చుతాను."

ఈరమ్మ నోరు తెరిచింది. శేఖర్ ఆమె కాలు తొక్కాడు. రామచంద్రయ్య కట్ట పట్టుకుని కారెక్కాడు.

మరునాడు ఆయన ఏమీ అడగలేదు. రెండు రోజుల తర్వాత మళ్లీ ఒక కట్ట అడిగాడు. ఆ తర్వాత వారానికి మూడుసార్లు.

"ఎన్ని కుండీలున్నయ్ శేఖరూ ఆయనింట్ల?" అంది ఈరమ్మ.

"నాకేం తెలుసక్కా" అన్నాడు శేఖర్. అతడి కళ్లు గేటు ముందున్న నాలుగు హ్యూకెరాల మీద ఉన్నాయి. పుస్తకంలో ఉన్నట్టు ఎడం వదిలి, కొలిచి నీళ్లు పోసి, తన చేత్తో పెంచినవి. నాలుగూ ఎండి చాయ్‌పత్తాలా రాలిపోతున్నాయి. లోపలి మడిలోకి తొంగిచూసే ధైర్యం అతడికి లేకపోయింది.

ఆగస్టు పన్నెండున ఇంకో మెయిల్ వచ్చింది. హైదరాబాదులోని తోటల సంఘం నుంచి పన్నెండు మంది ఆడవాళ్లను మేడమ్ వెంట తెస్తున్నారు. మన హ్యూకెరాలు చూపిస్తానని మాట ఇచ్చారట.

పదహారు పొద్దున శేఖర్ పుస్తకంలో ఒకే పని ఉంది. మేనేజరు గది తలుపు తట్టాడు.

"సార్, మడిలో కనబడేది హ్యూకెరా కాదు సార్. తోటకూర."

రామచంద్రయ్య తల ఎత్తలేదు. "తెలుసు. మూడు వారాలుగా మా ఆవిడ పులుసు పెడుతోంది."

"మరి... చెప్పలేదేంది సార్?"

"ఏమని చెప్పమంటావయ్యా? ఫొటో పంపింది నేను. మూడడుగులని రాసింది నేను. నువ్వు నోరు విప్పుతావేమోనని భయంతో నేను చస్తున్నాను."

బయట కార్లు ఆగాయి.

మేడమ్ గేటు ముందున్న నాలుగు ఎండు పుల్లల్నీ, వాటి పక్కన మెరుస్తున్న పేర్ల బోర్డునూ చూశారు. లోపలి మడి దగ్గరికి నడిచి, ఒక ఎర్రటి ఆకు తుంచారు.

"ఇది తోటకూర కదూ, రామచంద్రయ్యగారూ?"

రామచంద్రయ్య శేఖర్ వైపు చూశాడు. శేఖర్ నేల వైపు చూశాడు. సద్ది డబ్బాతో అప్పుడే వచ్చిన కుర్మయ్య మాత్రం డబ్బా కింద పెట్టి మడిలోకి దిగాడు.

"మీ మొక్కలు ఏడికి పోలేదు తల్లీ. గిట్ల చూడు" అని తోటకూరను రెండు చేతులా పక్కకు తీశాడు.

అడుగున, చల్లటి తడి నీడలో హ్యూకెరా ఉంది. సాసరంతగా వచ్చినది అన్నం పళ్లెమంత అయింది. రాగి, లేతాకుపచ్చ ఆకులు నూగుతో మెరుస్తున్నాయి. కుర్మయ్య రెండోదీ మూడోదీ చూపించాడు. ఇరవైకి ఇరవై బతికి ఉన్నాయి.

సంఘం ఆడవాళ్లలో పెద్దావిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని మడిలోకి దిగింది. "మా ఇంట్లో మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ ఎండకు మాడిపోయాయి. ఈ నీడ ఉపాయం ఎవరిదండీ?"

"అంటే, మేము బాగా ఆలోచించి..." అని రామచంద్రయ్య గొంతు సవరించుకున్నాడు.

"నాది కాదు మేడమ్" అన్నాడు శేఖర్. మాట బయటికొచ్చాక కాగితం గుర్తొచ్చింది గానీ, ఆగలేదు. "గేటు ముంగటియి నేను పెంచినయి. ఇవి మా బాపు పెంచినయి."

మేడమ్ కుర్మయ్య వైపు తిరిగారు. "నీడ కోసమే వేశారా?"

"నీడనా?" అన్నాడు కుర్మయ్య. "గంత మంచి మట్టి ఉట్టిగ పడుంటే చూడలేక ఏసిన తల్లీ."

శేఖర్‌కు ఆ నెలాఖరున ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చింది. అంతరపంట విధానం మీద రామచంద్రయ్య తోటల సంఘంలో అరగంట మాట్లాడి శాలువా కప్పించుకుని వచ్చాడు. చంద్రమ్మ వాకిట్లో మళ్లీ మూడడుగుల ముగ్గేసింది.

ఎప్పుడైనా విమానం అందుకునే తొందరలో ఆ రోడ్డున వెళ్తుంటే, తోటకూర నీడన గుబురుగా పెరిగిన రాగి రంగు ఆకులు మీ కంటపడితే, సాతంరాయి కుర్మయ్యను ఒక్కసారి తలుచుకోండి. బోర్డు మీద ఆయన పేరు రాయించడమన్నది శేఖర్ పుస్తకంలో ఐదో పనిగా ఇంకా ఉంది.