చరణంలో పైకి లేచే మృదుల

పాటలో పై స్థాయి అందుకున్నప్పుడల్లా మృదుల నేల విడిచి పైకి లేచేది. పెళ్లిచూపుల్లోనే ఆ సంగతి చెప్పారు. ఎంత ఎత్తు లేస్తుందని అబ్బాయి తరఫువాళ్లు అడిగి తెలుసుకున్నారు కూడా. పుట్టింట్లో వాసాల దాకా బోలెడు చోటుండేది. కాకినాడలో కొత్త కాపురం పెట్టిన అద్దెవాటాకు పైకప్పు బాగా తక్కువ. అద్దె కాగితంలో గోడకు మేకులు కొట్టరాదని ఉంది కానీ పైకప్పుకు తల తగిలించరాదని లేదు.

ఆదివారం మధ్యాహ్నాలు మృదుల పాత సినిమా పాటలు పాడితే, భర్త ఫణీంద్ర రికార్డు చేసి నెట్‌లో పెట్టేవాడు. కిటికీలకు దుప్పట్లు కట్టేవారు. ఫ్యాన్ ఆపేసేవారు, చప్పుడు రాకూడదనీ, రెక్కలు తగలకూడదనీ. చరణం రాగానే అతను దోటికి కట్టిన మైకును ఆమెతోపాటు పైకెత్తేవాడు. ఆమె తల తగిలే చోట మెత్తటి దిండొకటి అంటించాడు. దోటి పక్కన పడేసి, దిగి వచ్చే భార్యను రెండు చేతులా అందుకోవడం వారం మొత్తంలో అతనికి అన్నిటికంటే ఇష్టమైన పని.

ఒక సాయంత్రం పై వాటాలో ఉండే ఇంటావిడ రత్నమాంబగారు వచ్చి కూర్చుంది.

"పల్లవి బావుందమ్మాయ్. చరణం దగ్గరే మా వంటింట్లో గిన్నెలు కదులుతున్నాయి. కాస్త శ్రుతి తగ్గించుకోకూడదూ?"

"తగ్గిస్తే అది నా గొంతులా ఉండదండీ," అంది మృదుల.

"మొదట్లో అలాగే ఉంటుంది. నీకు ముందు ఈ వాటాలో ఉన్న పిల్లా ఇలాగే లేచేది. తగ్గించుకుంది. ఇప్పుడు అసలు పాడనే పాడదు. ఎంత బుద్ధిమంతురాలో!"

"పోనీ, డాబా మీద పాడుకుంటుందండీ," అన్నాడు ఫణీంద్ర.

"అక్కడ పైన అడ్డేముంది నాయనా? తిరిగి దిగుతుందని ఎవరు పూచీ?"

ఫణీంద్రకు ఆ ఆలోచన ఇంతకు ముందు రాలేదు. ఇప్పుడు వచ్చింది. అతను భార్య చెయ్యి పట్టుకున్నాడు.

తర్వాతి ఆదివారం శ్రుతి తగ్గించారు. చరణంలో మృదుల మడమలు మాత్రం కాస్త లేచాయి. ఫణీంద్ర కింద కూర్చుని వాటి మీద మెల్లగా చేతులు వేశాడు.

"గట్టిగా నొక్కేశానా?" అని అడిగాడు, పాట అయ్యాక.

"లేదండీ. వెచ్చగా ఉంది."

పాట నెట్‌లో పెట్టగానే బంధువుల మెచ్చుకోళ్లు మొదలయ్యాయి. పెళ్లయ్యాక అమ్మాయి గొంతులో ఎంత కుదురొచ్చిందో అని అందరూ రాశారు. మృదుల భర్త భుజానికి ఆనుకుని, ఒక్కొక్కరికీ ఎర్రటి గుండె బొమ్మ పెట్టింది.