మెడ ఎవరి వాటాలోనూ లేదు

అయ్యా మేనేజరుగారూ! ఇంత మేలు చేసి ఎందుకు దాచుకున్నారు? కుట్టు హాల్లో మిషన్ బల్లల కాళ్లు జానెడేసి కోయించి, ఇంటిల్లిపాదికీ సరిపడా జబ్బులు ఒక్క మనిషి ఒంట్లోనే సమకూర్చారే, బోర్డు రాయించి గోడకు తగిలించొద్దూ?

కాళ్లెందుకు కోశారంటారా? మేనేజరుది అద్దాల గది. బల్లలు ఎత్తుగా ఉంటే వెనక వరసలో ఎవరు కబుర్లాడుతున్నారో ఆయనకు కనిపించేది కాదు. ఇప్పుడు హాలంతా వంచిన తలలే. ఎంత ముచ్చటగా ఉందో!

అక్కడ చొక్కాలకు కాలర్లు కుట్టే ఆవిడను అందరూ కాలరక్క అంటారు. లోకంలో కాలర్లన్నీ నిటారుగా నిలబెట్టే మనిషి. తన మెడ మాత్రం పొద్దున వంచితే సాయంత్రానికిగానీ లేవదు. కొన్నాళ్లకు గొంతులో ఉండ అడ్డం పడ్డట్టయింది. మాట బొంగురుపోయింది. రెండు ముద్దలకే కడుపుబ్బరం. కూర్చున్నచోటే గుండె దడ. లేస్తే కళ్లు బైర్లు.

అదృష్టం కాదూ! అంతవరకూ ఆవిణ్ణి పలకరించిందెవరు? ఇప్పుడు గుండె డాక్టరు గుండె భేషన్నాడు. పొట్ట డాక్టరు గొట్టం దించి, పొట్ట భేషన్నాడు. గొంతు డాక్టరూ అదే మాట. అన్నీ భేషుగ్గా ఉండి మనిషి మాత్రం కూలబడిపోవడం ఎంతమందికి దక్కుతుంది? మెడ ఎవరి వాటాలోకీ రాలేదు. అందరూ కలిసి "టెన్షన్" అని తేల్చారు.

"టెన్షన్ తగ్గించుకోమన్నారే" అంది కాలరక్క.

"తగ్గించుకో వదినా! పాపం, మేనేజరుగారు ఊయల కట్టిస్తారు, ఊగుదువుగాని" అంది పక్క మిషన్ మీద కుట్టే ఆవిడ ఆడపడుచు.

ఓరోజు కాలరక్క మిషన్ మీదే ఒరిగిపోయింది.

"ఇంకోసారి పడ్డావంటే ఇక పనిలోకి రాకమ్మా. మిషన్ పాడైపోతుంది" అన్నాడు మేనేజరు. మిషన్ మీద ఎంత ప్రేమ!

చివరికి నరాల డాక్టరమ్మ ఒకావిడ, "పనిలో ఎలా కూర్చుంటావో చూపించు తల్లీ" అంది. కాలరక్క చూపించింది.

"అమ్మో! రోజంతా ఇలాగేనా?" అంటూ డాక్టరమ్మ ఆవిడ మెడ మీద చెయ్యి వేసింది. "తల నుంచి మెడలోగుండా గుండెకీ పొట్టకీ దిగే వేగస్ నరం ఒకటుంది. మెడ ఎముకల పట్టు సడలి అది రేగుతోందేమోనని నా అనుమానం. ఖాయంగా చెప్పలేను, స్కాన్ చేయిద్దాం. ముందు ఆ బల్ల ఎత్తు పెంచమను."

కాలరక్క అడిగింది. "పెంచితే నువ్వు కనిపించవు కదమ్మా!" అన్నాడు మేనేజరు.

ఆడపడుచు ఊరుకుంటుందా? వదిన బల్ల కాళ్ల కింద ఇటుకలు పెట్టింది. హాలు అందం చెడిందని సాయంత్రానికల్లా మేనేజరు వాటిని తీయించేశాడు.

ఇక పొగడ్తలు చాలు. డాక్టర్లూ, టెన్షన్ అనేముందు ఆ మెడ తాకి చూడండి. మేనేజరుగారూ, ఆవిడ మళ్లీ పడకముందే, ఇవాళే, ఆ ఇటుకలు తిరిగి పెట్టించండి. ఒక్క బల్లకు కాదు, అన్నింటికీ. వెనక వరస కనిపించకపోతే కుర్చీలోంచి లేచి, మెడ చాచి చూడండి. మీ మెడకేం, నిక్షేపంలా ఉంది. దాని చుట్టూ ఉన్న కాలరు ఆవిడ కుట్టిందే.