తొంభై ఏడు మార్కుల జోడీ

ఆంప్లిఫయర్లు, స్పీకర్ల అనుకూలతా నిర్ధారణ సంఘం తన నూట పద్నాలుగో సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించినదేమనగా: వంటింట్లో నుంచి వచ్చే శబ్దం, సంఘ నియమావళి ప్రకారం, శబ్దం కాదు. సభ్యులు చప్పట్లు కొట్టి ఆమోదించారు. ఆ చప్పట్లలో స్పష్టత బాగుందని మినిట్సులో రాసుకున్నారు కూడా.

ఇంతటి తీర్మానానికి కారణమైన మనిషిని అందరూ కళ్లద్దాలాయన అంటారు. బజారులో ఆయనకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. వచ్చినవాళ్ల ముక్కుమీద బరువైన ఫ్రేము పెట్టి, ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేస్తూ "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని అడుగుతుంటాడు. ఏదో ఒకటి తేల్చి చెప్పేదాకా మనిషిని కుర్చీలోంచి లేవనివ్వడు. ఇంటికొచ్చాక అదే ప్రశ్న తన చెవుల్ని అడుగుతాడు. పదకొండేళ్లుగా అడుగుతున్నాడు. చెవులు ఇంకా ఆలోచిస్తున్నాయి.

తెలియనివారి కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఆంప్లిఫయరు పాటకు బలమిచ్చే పెట్టె. స్పీకర్లు ఆ బలాన్ని గదిలోకి వదిలేవి. ఈ రెంటికీ పొత్తు కుదరాలి. కుదరకపోతే పాట వినిపిస్తుంది గానీ, అది వినిపించినట్టు కాదు. ఈ తేడా మామూలు జనానికి తెలియదు కాబట్టి పాపం వాళ్లు హాయిగా పాటలు వింటూ బతికేస్తున్నారు.

కళ్లద్దాలాయన మొదట గాజు వాల్వుల ఆంప్లిఫయరు కొన్నాడు. ఎనిమిది వాట్లది, మహా సుకుమారం. దానికి తెచ్చిన స్పీకర్లేమో బీరువాలంత ఎత్తు. రెండు వందల వాట్లు పోస్తే గానీ నోరు విప్పవు. సంఘంవారు వచ్చి చూసి, చీమ చేత బండి లాగిస్తున్నావయ్యా అన్నారు. సరేనని చిన్న స్పీకర్లు తెచ్చాడు. ఇవి గుసగుసకే ఉలిక్కిపడే రకం, వీటికి ఎనిమిది వాట్లు కూడా హింసే అన్నారు. ఆంప్లిఫయరు మార్చాడు. తాడుంటే బొంగరం లేదు, బొంగరముంటే తాడు లేదు అన్నట్టు పదకొండేళ్లు గడిచాయి.

ఈలోగా ఇల్లు కూడా శాస్త్రానికి సహకరించింది. భోజనాల బల్ల ఉన్నచోట కుడి స్పీకరు నిలబడింది, భోజనాలు వంటింటి గట్టుమీదికి చేరాయి. ఆయన తల్లి మంచం తక్కువ స్థాయి శబ్దాల్ని మింగేస్తోందని రుజువు కావడంతో దాన్ని, దానితోపాటు తల్లినీ, వంటింటి పక్క వసారాలోకి మార్చారు. తీగలు నేలకు తగిలితే పాటకు దుమ్ము అంటుకుంటుంది గనుక వాటికింద చిన్నచిన్న చెక్కపీటలు వేశారు. ఇంట్లో మనుషులకు సరిపడా పీటలు లేవు. తీగలకు పద్నాలుగు ఉన్నాయి.

ఆయన వినే పద్ధతి కూడా చెప్పుకోదగ్గది. ఏ పాటనూ నలభై సెకన్లకు మించి వినడు. పల్లవి దాటగానే ఆపేసి, ఒక తీగ మార్చి, మళ్లీ మొదటినుంచి వేస్తాడు. ఇది బాగుందా, ఇందాకటిదా? ఆ ముందుగదిలో పదకొండేళ్లుగా ఏ పాటా చరణం మొహం చూడలేదు.

ఆయన భార్య పోస్టాఫీసులో పనిచేస్తుంది. పగలంతా పార్శిళ్లు తూచి, ముద్రలు కొట్టి, సాయంత్రం వచ్చి వంటింట్లో చేరుతుంది. ముందుగదిలో తెగిపోయిన పాట ఆమెకు గొంతులో ముల్లులా గుచ్చుకునేది. అందుకని ఆగిన చోటునుంచి తానే అందుకుని చివరిదాకా పాడేసుకునేది. చరణం వస్తే వచ్చినట్టు, రాకపోతే సొంతంగా అల్లుకుని. వంటింటికీ ముందుగదికీ మధ్య గిన్నెలు అందించుకునే చిన్న కిటికీ ఒకటి ఉంది. అది సరిగ్గా ఎడమ స్పీకరు వెనక ఉంది.

కళ్లద్దాలాయన డైరీలో ఆ రోజుల నమోదులు ఇలా ఉంటాయి: "ఎడమవైపు లోతు అమోఘం." "గాయని పక్కనే నిలబడినట్టుంది." ఒకసారి ఆమెకు మూడు రోజులు జ్వరం వచ్చింది. డైరీలో "జోడీ చెదిరింది, లోతు మాయం" అని రాసుకుని, ఆయన తీగ మార్చాడు. నాలుగోరోజు జ్వరం తగ్గి ఆమె వంటింట్లోకి వచ్చింది. కొత్త తీగ బ్రహ్మాండమని తేలింది.

ఆయన చెడ్డవాడేమీ కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. ఒక సాయంత్రం ఆమె తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"ఏమండీ, ఒక్కటంటే ఒక్క పాట చివరిదాకా వేయరాదూ? మీ పక్కన కూర్చుని వింటాను."

"జోడీ కుదరనీ. కుదిరిన రోజు మొదటి పాట నీకే," అన్నాడాయన. మనస్ఫూర్తిగానే అన్నాడు.

అందువల్ల సంఘంవారి తనిఖీ రోజు ఆ ఇంట్లో ఇద్దరికీ ముఖ్యమైన రోజు. ఆయనకు జోడీ కుదిరిందని ధ్రువపత్రం రావాలి. ఆమెకు ఒక పాట రావాలి.

ఆదివారం ఉదయం ముగ్గురు పెద్దలు వేంచేశారు. అధ్యక్షుడు లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైనవాడు. కార్యదర్శి పళ్ల డాక్టరు. మూడో ఆయన్ని అందరూ బంగారు చెవి అంటారు, ఆయన ఏం పనిచేస్తాడో అడిగే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ కలగలేదు. కుర్చీల్లో కూర్చుని ముగ్గురూ కళ్లు మూసుకున్నారు. నియమావళి ప్రకారం మొదటిది మంద్ర పరీక్ష. పాట పెట్టి, శబ్దాన్ని మెట్టుమెట్టుగా తగ్గించుకుంటూ పోవాలి. ఏ మెట్టు దగ్గర పాట ప్రాణం విడుస్తుందో అదే జోడీ స్థాయి. మామూలు జోడీలు అయిదో మెట్టు దగ్గరే చేతులెత్తేస్తాయి.

కళ్లద్దాలాయన పాట పెట్టాడు. ఒక్కో మెట్టే తగ్గించాడు. అయిదో మెట్టు దాటింది, మూడు దాటింది, ఒకటి. పాట బతికే ఉంది. సున్నా దగ్గరికి తెచ్చాడు. అప్పుడు చరణం అందుకుంది. బంగారు చెవి కనురెప్పల కిందినుంచి ఒక కన్నీటిబొట్టు జారింది. అది ఏ వైపునుంచి జారిందో కార్యదర్శి ఒక కన్ను తెరిచి నమోదు చేశాడు.

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, వాల్వుల వెలుగు ఆరింది. పాట ఆగలేదు.

"లోపల నిల్వ శక్తి ఉంది," అన్నాడు అధ్యక్షుడు కళ్లు తెరవకుండానే. నాలుగు నిమిషాలు అలాగే విన్నారు. తొంభై ఏడు మార్కులు వేశారు. సంఘ చరిత్రలో అంతవరకూ అరవై దాటినవారు లేరు. మూడు మార్కులు తగ్గించడానికి కారణం, కంఠం మరీ మనిషి కంఠంలా ఉండటం. కార్యదర్శి పుస్తకంలో ఎక్కించి ముద్ర వేశాడు.

సరిగ్గా ముద్ర పడగానే పాట మధ్యలో ఒక ముసలి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, గిన్నె మాడుతోందే."

"చూస్తున్నానత్తయ్యా," అంది గాయని.

ఇది ఏ రికార్డో నంబరు రాసుకోమన్నాడు అధ్యక్షుడు. ఆ అత్తగారి గొంతులో ఊపిరి ఎంత చక్కగా పట్టారో అన్నాడు బంగారు చెవి. పళ్ల డాక్టరుకు మాత్రం వృత్తిరీత్యా చీకటి సందుల్లోకి తొంగిచూడటం అలవాటు. లేచి ఎడమ స్పీకరు వెనక్కి వంగాడు. అవతల ఒక ఆడమనిషి గరిటె పట్టుకుని నిలబడి ఉంది. అయిదు నిమిషాల్లో కాఫీలు ఇస్తానని చెప్పింది.

ఇలాంటప్పుడు మామూలు మనుషులైతే తెల్లమొహం వేసేవారు. సంఘంవారు ఆమెను తనిఖీకి పిలిచారు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, రెండు స్పీకర్ల మధ్య నిలబడి, అదే పాట మొదటినుంచి చివరిదాకా పాడింది. పదకొండేళ్ల తర్వాత ఆ గదిలో ఒక పాట పూర్తయింది. ఈసారి సభ్యులు కళ్లు తెరుచుకుని విన్నారు. ముప్పై ఒక్క మార్కులు వేశారు. ఇందాక లోతు అనుకున్నది ముక్కుతో పాడటమని తేలింది. ఊపిరి అనుకున్నది ఆయాసం. వెచ్చదనం అనుకున్నది పొయ్యి సెగ. ఎన్ని వాట్లని అడిగితే ఆమె చెప్పలేకపోయింది. తయారీ ఎక్కడో, ధర ఎంతో కూడా ఎక్కడా రాసిలేదు. పెరటిచెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా?

అధ్యక్షుడు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "సోదరులారా, పుస్తకంలో పడిన ముద్రను వెనక్కి తీసుకునే అధికారం ఎవరికీ లేదు. తొంభై ఏడు ఈ జోడీకి చెందుతాయి. ముప్పై ఒకటి ఈ సోదరికి చెందుతాయి. ఎవరికి రావలసినది వారికి వచ్చింది. సంఘం ఎవరికీ అన్యాయం చేయదు." వాళ్లు కాఫీలు తాగి వెళ్లారు. పైన చెప్పిన తీర్మానం మరుసటి వారమే వచ్చింది.

కళ్లద్దాలాయన ధ్రువపత్రం గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. ఆ క్షణంలో ఆయనకు నిజంగానే సంతోషం వేసింది. దాని అడుగున ఎక్కడో సిగ్గు కూడా కదిలింది గానీ, అంత తక్కువ స్థాయిలో ఉన్నదాన్ని పట్టించుకోవడం కష్టం. భార్యను ఓదార్చాలనిపించింది.

"ముప్పై ఒకటి మరీ తక్కువేం కాదులే. సాధన చేస్తే నలభై దాకా వస్తుంది," అన్నాడు.

ఆమె ఖాళీ కప్పులు తీస్తూ ఆగింది. "మొదటి పాట నాకన్నారు."

"కరెంటు ఇప్పుడే కదా వచ్చింది. వాల్వులు వేడెక్కనీ."

ఆమె కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ రోజునుంచి వంటింట్లో పాట లేదు.

వారం తిరక్కుండానే జోడీ చచ్చుబడింది. ఆయన అధ్యక్షుడికి ఫోను చేశాడు. ధ్రువీకరించిన జోడీ చచ్చుబడటం జరగదని, లోపం చెవిలో ఉండాలని ఆయన చెప్పాడు. చెవుల డాక్టరు పరీక్ష చేసి, చెవులు రెండూ భేషుగ్గా ఉన్నాయి, అన్నీ వినిపిస్తున్నాయని రాసిచ్చాడు. గోడకు కొట్టిన ధ్రువపత్రమే ప్రతిధ్వని పుట్టిస్తోందేమోనని కళ్లద్దాలాయన దాన్ని తీసి బీరువాలో పెట్టాడు. చివరికి ఒకరోజు లోతంతా వంటింటి కిటికీలోంచి అవతలికి పారిపోతోందని కనిపెట్టి, దాన్ని మందపాటి చెక్కతో మూయించాడు.

కిటికీ మూసుకున్నాక ఆమె సాయంత్రాలు ఎదురింటి కుట్టు దుకాణానికి వెళ్లసాగింది. అక్కడ నలుగురు ఆడవాళ్లు మిషన్లు కుడుతుంటారు. మొదటిరోజు ఊరికే కూర్చుంది. రెండో వారానికి పాడింది. ఆమె పాడుతుంటే మిషన్లు ఒక్కొక్కటే ఆగేవి. బజారు సంచులతో పోయేవాళ్లు నిలబడిపోయేవారు. ఆమె ఏ పాటనూ మధ్యలో ఆపేది కాదు, ఎవరూ ఆపమనేవారు కాదు. అత్తగారు కూడా ఓ కుర్చీ వేయించుకుని ముందు వరసలో కూర్చునేది.

అలాంటి ఒక సాయంత్రం కళ్లద్దాలాయన కొత్త తీగ బిగించి తన కుర్చీలో కూర్చున్నాడు, ఇంకా స్విచ్ కూడా వేయలేదు. ఉన్నట్టుండి ఎడమవైపునుంచి గదిలోకి ఆ లోతు వచ్చేసింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఎక్కడా తెగకుండా ఒక చరణమంతా విన్నాడు. ఎన్నేళ్లుగా వెతుకుతున్నదో అదే ఇది, అనుమానం లేదు. తర్వాత కళ్లు తెరిచి చూస్తే ఆంప్లిఫయరు దీపం వెలగడం లేదు, వీధి వైపు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి.

బయటి రొద. ఇలా ఉంటే తీగలో తేడా ఎలా తెలుస్తుంది? ఆయన లేచి వెళ్లి తలుపులు మూసి, గడియ పెట్టి వచ్చి కూర్చున్నాడు.

ఆయన్ని చూసి నవ్వుకోవచ్చు, తప్పులేదు. కానీ ఈ కథ చదువుతున్నంతసేపూ మన ఇంట్లో కూడా ఎవరో ఏదో అంటూనే ఉన్నారు. మనం తలెత్తకుండా రెండుసార్లు "ఊఁ" అన్నాం. వాళ్లేమన్నారో ఇప్పుడు చెప్పమంటే చెప్పగలమా?